బానెట్ మీది నల్లచార

పోయిన నెల టౌరంగా నుంచి ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. పేరు లియామ్. కివీఫ్రూట్ ప్యాక్‌హౌస్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడట. నా పేరుని మూడు ముక్కలు చేసి, మూడింటినీ మూడు దిక్కులకి విసిరి, మీరేనా అని అడిగాడు. ఇన్నేళ్ళు న్యూజిలాండ్‌లో ఉన్నాక వసుంధర అనే మాట ఎన్ని రకాలుగా విరుగుతుందో నాకు తెలుసు కాబట్టి నేనేనన్నాను. ఒకప్పుడు నా దగ్గరున్న నారింజరంగు కారు ఇప్పుడు తన దగ్గరుందనీ, అందులో దొరికిన పాత ఇన్‌స్పెక్షన్ కాగితం మీద నా నంబరు చూసి చేస్తున్నాననీ చెప్పాడు. సంతోషం అన్నాను. అతను కాసేపు నసిగి అసలు సంగతికి వచ్చాడు. "బానెట్ మధ్యలో నల్లటి స్టిక్కర్ చార ఉంది కదా, ఎండకి పగిలిపోయిందని మొన్న పీకేశాను. దాని కింద ఒక చెయ్యి ఉంది."

"ఏముంది?"

"చెయ్యి. మనిషి చెయ్యి. పెయింట్‌లో దిగిపోయి ఉంది. మా అమ్మమ్మ చూసి కారు అమ్మెయ్యమంటోంది. ఏమనుకోకండి గానీ, దీని కింద పడి ఎవరైనా పోయారా?"

ఎవరూ పోలేదు నాయనా, ఒకాయన్ని నేనే చంపేద్దామనుకున్నాను, అంతే. ఆ మాట ఇంగ్లిషులో చెప్తే పోలీసులదాకా వెళ్తుందని, ఒక గంటలో మళ్ళీ చేస్తాను, ఈలోగా దాన్ని రుద్దొద్దు అని ఫోన్ పెట్టేశాను. ఆ గంటలో పొయ్యి మీద పప్పు మాడిపోయింది.

ఆ చెయ్యి మా నాన్నది. విజయవాడ ఆటోనగర్‌లో కోటయ్య మేస్త్రి అంటే లారీలకి బాడీలు కట్టే మనిషి. కంపెనీ నుంచి స్టీరింగూ చక్రాలూ తప్ప ఒంటి మీద ఏమీ లేకుండా వచ్చిన లారీకి కేబిన్, తొట్టి, తలుపులు అన్నీ అమర్చి మర్యాదస్తురాలిగా పంపేవాడు. షెడ్డులో స్కేళ్ళూ మట్టపలకలూ అన్నీ ఉండేవి. ఆయన నమ్మింది మాత్రం కుడి అరచేతిని. కంటికి రంగే కనిపిస్తుంది, ఎత్తుపల్లాలు చేతికే తెలుస్తాయి అనేవాడు. పనివాడు రేకు కొట్టి సాపు చేశాక నాన్న వచ్చి, కళ్ళు మూసుకుని, ఈ చివర నుంచి ఆ చివరకి అరచేతిని జార్చేవాడు. ఎక్కడైనా తేడా తగిలితే చెయ్యి ఆగిపోయేది. ఆగినచోట వేలి కణుపులతో రెండుసార్లు టక్‌టక్‌మని కొట్టేవాడు. మళ్ళీ కొట్టమని అర్థం. తేడా ఏమీ లేకపోతే చెయ్యి ఆగకుండా జారిపోయేది, ఆయన మారుమాట లేకుండా పక్క రేకు దగ్గరకి వెళ్ళిపోయేవాడు. ఆ వెళ్ళిపోవడమే శభాష్. అంతకు మించిన శభాష్ ఆయన దగ్గర ఉండేది కాదు. మొదటిసారి ఒక్క టక్‌టక్ కూడా పడకుండా బయటపడ్డ పనివాడు ఆ సాయంత్రం షెడ్డంతటికీ టీలు పోయించడం నేను చూశాను.

చూశాను అంటే బయట నుంచి చూశాను. మధ్యాహ్నం నాన్నకి క్యారేజీ తీసుకెళ్ళేది నేనే, కానీ షెడ్డు ముందు గడపలాగా పరిచిన ఇనప ఛానల్ దాటడానికి నాకు అనుమతి లేదు. "ఆడపిల్లవి, రేకు కోసుకుద్ది, ఆడే నుంచో" అనేవాడు. మా అన్నయ్యకి ఆ ఛానల్ దాటే హక్కు పుట్టుకతోనే వచ్చింది. వాడు లోపలికి వెళ్ళి సీట్లకి తెచ్చిన స్పాంజి మీద పడుకుని నిద్రపోయేవాడు. నేను బయట నుంచుని టక్‌టక్‌లు వినేదాన్ని. పదేళ్ళ వయసులో తోటి పిల్లలు డాక్టరవుతాం, కలెక్టరవుతాం అనుకుంటుంటే నాకు ఒకటే కోరిక ఉండేది. నేను చేసిన రేకు మీద నాన్న చెయ్యి ఒక్కసారైనా ఆగకుండా జారిపోవాలి. ఇదేం పాడు కోరికో నాకు ఇప్పటికీ తెలియదు. ఎవరికీ చెప్పలేదు కూడా. బుద్ధిగా మైక్రోబయాలజీ చదివి, బుద్ధిగా శ్రీధర్‌ని పెళ్ళి చేసుకుని, పామర్‌స్టన్ నార్త్‌లో ఆసుపత్రి ల్యాబులో జనాల గొంతుల్లోని సూక్ష్మజీవుల్ని పెంచి పోషించే ఉద్యోగంలో చేరాను.

మేము ఆ ఊళ్ళో ఇల్లు కొన్నప్పుడు గ్యారేజీలో కారు కూడా వచ్చింది. పాత యజమాని పోయాడు, ఆయన పిల్లలకి దాన్ని తీసే ఓపిక లేక ఇంటితోపాటే వదిలేశారు. రెండే తలుపులు, ముందు పడవంత బానెట్, దాని కింద ఎనిమిది సిలిండర్ల ఇంజను. ఆస్ట్రేలియాలో తయారైంది. ఏ కంపెనీదో మాత్రం చెప్పను. ఆ కంపెనీ వాళ్ళూ ఎదుటి కంపెనీ వాళ్ళూ ఇక్కడ సంబంధాలు కలుపుకోరు, ఈ వయసులో నాకు శత్రువులు వద్దు. మేము చూసేనాటికి దాని నాలుగు టైర్లూ నేలకి అతుక్కుపోయి, తలుపుల కింద తుప్పు తిన్న కంతల్లోంచి గడ్డి మొలిచి ఉంది. బానెట్ మీద పాత యజమాని ఎన్నో ఏళ్ళు పెయింటు డబ్బాలు, గడ్డి కోసే మిషనూ పెట్టుకున్నాడు కాబోలు, అదంతా అప్పడంలా గుంటలు పడిపోయింది. శ్రీధర్ చూసి, తుక్కువాడికి ఫోన్ చేస్తానన్నాడు. నేను తెలియకుండానే కళ్ళు మూసుకుని ఆ బానెట్ మీద చెయ్యి జార్చాను. పదకొండు చోట్ల ఆగింది. "ఫోన్ పెట్టెయ్," అన్నాను.

అప్పట్లో ఊళ్ళో తెలుగువాళ్ళం ఏడెనిమిది కుటుంబాలం. అందరివీ జపాన్ నుంచి దిగిన వెండిరంగు కార్లే. తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్ అయ్యాక ఒకరి తాళం ఇంకొకరి కారులో తిప్పుతూ సారీలు చెప్పుకునేవాళ్ళం. అలాంటి సభ్యసమాజంలో నేను హైస్కూల్లో సాయంత్రం పూట జరిగే, కారు రేకులు సాపు చెయ్యడం నేర్పే పానెల్ బీటింగ్ క్లాసులో చేరాను. క్లాసులో పదిమంది మగవాళ్ళు, నేను. ఒక ఆంటీ నా వేళ్ళ మధ్య గ్రీజు చూసి, "గోరింటాకు బాగా ముదురుగా పండిందే వసుంధరా, మంచి మొగుడే దొరికాడు" అంది. మొగుడు నిజంగానే మంచివాడు. యూనివర్సిటీలో కంప్యూటర్లు చూసేవాడు, ఇంట్లో బల్బు మార్చాలంటే ముందు చేతులు కడుక్కునే రకం. అయినా ఒక రోజు చిరిగిన సీట్లు చూసి జాలిపడి కుట్టు మిషను తెచ్చుకున్నాడు. కోడ్ అయితే రేపటికి పాడవుతుంది, కుట్టింది కుట్టినట్టే ఉంటుంది అంటూ నాలుగు సీట్లూ విప్పి, నల్ల రెగ్జిన్‌తో కొత్త తొడుగులు కుట్టడం మొదలుపెట్టాడు.

పక్కింటి గ్రేమ్ జీవితమంతా కార్లకి రంగులేసి రిటైరయ్యాడు. చలికాలంలో కూడా నిక్కరే. వీధి చివర డెయిరీకి పాల కోసం చెప్పుల్లేకుండా వెళ్ళేవాడు. కుడిచేతి చూపుడువేలు సగమే ఉండేది, మిగతా సగం ఏమైందంటే అడిగినప్పుడల్లా కొత్త కథ చెప్పేవాడు. ఇంజను పని తన పాత స్నేహితుడికి అప్పజెప్పి, రంగు తనే వేస్తానన్నాడు. రేకు పని మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వలేదు నేను. సుత్తి ఒక చేత్తో, రేకు అడుగున ఆన్చే ఇనప దిమ్మ ఇంకో చేత్తో పట్టుకుని, ల్యాబు నుంచి రాగానే ఆ గుంటల మీద పడేదాన్ని. సగం పనిలో ఉండగా నాన్న వస్తున్నాడని ఫోన్ వచ్చింది. వదిన పురిటికని అమ్మ ఆగిపోయింది, నాన్న ఒక్కడే, ఆరు నెలలకి.

నాన్న సూట్‌కేసులో రెండు పంచెలు, ఆవకాయ, సీసా నిండా నువ్వుల నూనె, తన సుత్తీ తెచ్చుకున్నాడు. ఆక్లండ్ ఎయిర్‌పోర్టులో ఆవకాయని చూసీ చూడనట్టు వదిలేసిన ఆఫీసరమ్మ, సుత్తికున్న చింతకర్ర పిడిని మాత్రం భూతద్దం పెట్టి చూసిందట, పురుగేమైనా పట్టిందేమోనని. "అమ్మా, దీని వయసు నీకంటే ఎక్కువ, పట్టాల్సిన పురుగు ఎప్పుడో పట్టేసుండేది" అని నాన్న ఆవిడకి తెలుగులోనే వివరించి బయటపడ్డాడు. దారిలో కొండల మీద తిరుగుతున్న గాలిమరల్ని చూసి, "ఉన్న చలి చాలదని ఇంతింత ఫ్యాన్లు కూడా పెట్టుకున్నారా?" అన్నాడు. పామర్‌స్టన్ నార్త్ గాలి గురించి అంతకంటే సరైన వివరణ నేను ఇంతవరకూ వినలేదు.

గ్యారేజీ తలుపు తీసి కారు చూపించినప్పుడు నాన్న బయటే నుంచున్నాడు. నేను లోపల, ఆయన బయట. "రావచ్చా?" అన్నాడు. వెటకారం అనుకుని, రా రా, ఇక్కడ ఇనప ఛానల్ ఏమీ లేదు అన్నాను. ఒక మేస్త్రి షెడ్డులోకి ఇంకో మేస్త్రి పిలుపు లేకుండా అడుగుపెట్టడని, అది వాళ్ళ మర్యాదనీ నాకు చాలా ఏళ్ళ తర్వాత గానీ వెలగలేదు. ఆ రోజు ఆయన కారు చుట్టూ తిరిగి, "బతికున్నప్పుడు ఇది ఏ రంగే?" అని అడిగాడు. తర్వాత అలవాటుగా సుత్తి తీశాడు. నేను లాక్కున్నాను. "రేకు పని నాది. నువ్వు చెయ్యి వేసి చెప్పు, చాలు." నాన్న నన్నూ సుత్తినీ మార్చి మార్చి చూసి, ఒక బకెట్ బోర్లించుకుని దాని మీద కూర్చున్నాడు.

ఆ తర్వాత ఆరు నెలలూ మా ఇంట్లో టక్‌టక్ తప్ప వేరే శబ్దం లేదు. నేను ఒక గుంట తీసేదాన్ని, నాన్న కళ్ళు మూసుకుని చెయ్యి జార్చేవాడు, టక్‌టక్. పలచగా లప్పం పట్టించి ఉప్పు కాగితంతో రుద్దేదాన్ని, టక్‌టక్. లప్పం అడుగున దాక్కున్న గుంట కూడా ఆ చేతికి దొరికిపోయేది. తలుపులు రెండూ, వెనక రెక్కలూ ఒక్కొక్కటిగా ఆయన టక్‌టక్‌లు తగ్గించుకుంటూ వచ్చాయి. బానెట్ మాత్రం లొంగలేదు. పెద్ద రేకు, ఒకచోట నొక్కితే ఇంకోచోట లేచేది. అలవాటు ముదిరి నాన్న ఇంట్లో కూడా తట్టడం మొదలుపెట్టాడు. భోజనాల బల్ల మీద టక్‌టక్. నా చపాతీ మీద టక్‌టక్. శ్రీధర్ తను కుట్టిన మొదటి సీటు తొడుగు తెచ్చి చూపిస్తే మాత్రం, "అల్లుడుగారూ, టైలరుకి కూడా ఇంత సాపుగా రాదండీ" అన్నాడు. మాటల్లో! నోటితో! నేను ఆ రోజు అన్నం సగంలో లేచిపోయాను.

తనకి సుత్తి ఇవ్వలేదన్న ఉక్రోషమో ఏమో, ఒక రోజు నేను డ్యూటీలో ఉండగా నాన్న వేరే పని పెట్టుకున్నాడు. ఇంటికొచ్చేసరికి కారు నీళ్ళు తాగడానికి వంగిన గేదెలా ఉంది, ముందు కిందకి, వెనక పైకి. గ్రేమ్ వాళ్ళ పెరట్లో విరిగిన ట్రైలర్ ఉంటే దాని అడుగున బరువు మోసే స్ప్రింగు లాంటి కమాన్ పట్టీ ఒకటి ఊడదీసి, మా కారు వెనక కమాన్ కట్టల్లో బిగించాడు. గ్రేమ్ గడ్డిలో కూర్చుని కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు. "నలుగురు కూర్చునే కారు నాన్నా ఇది," అన్నాను.

"మనోళ్ళు నలుగురితో ఆగుతారంటే? మళ్ళీ సామాను? లోడు పడితే కూలబడిపోద్ది."

మార్పులు చేసిన కారు రోడ్డెక్కాలంటే ఇక్కడ ఒక ఇంజనీరు వచ్చి, ప్రతి మార్పూ కొలిచి, ఒప్పుకుంటేనే పలక బిగిస్తాడని చెప్పాను. కొత్త బ్రేకులకీ బెల్టులకీ ఆయన ఒప్పుకున్నాడు గానీ, లారీ బుద్ధులకి ఒప్పుకోడు అన్నాను. "బండికి ఇంకో పట్టీ ఎయ్యాలంటే గవర్నమెంటు పర్మిషనా? అందుకే ఊరంతా ఇట్టా బోసిగా ఉంది" అని గొణుక్కుంటూ నాన్న దాన్ని విప్పాడు. గ్రేమ్‌కి తెలుగు రాదు, నాన్నకి ఇంగ్లిషు రాదు, అయినా మర్నాటి నుంచి ఇద్దరూ గోడకి అటూ ఇటూ నుంచుని గంటలకొద్దీ వాదించుకునేవాళ్ళు. దేని గురించో వాళ్ళకే తెలియాలి.

నాన్నకి గురువారం తిరుగు ప్రయాణం. మంగళవారం ఇన్‌స్పెక్షన్. రంగు వెయ్యడానికి ముందు ఆదివారం ఒక్కటే మిగిలింది. శనివారం సాయంత్రం వరకూ బానెట్ మీద ఎడమవైపు ఒక టక్‌టక్ మిగిలే ఉంది. నాన్న పడుకున్నాక కాదు, ఆయన ఎదురుగానే, భోజనం మానేసి దాన్ని రుద్దాను. అయ్యాక చెయ్యి వెయ్యమంటే, "రేపు చూద్దాంలే, అన్నం తిను" అన్నాడు. ఆ రేపు కోసమే నేను అన్ని నెలలు కష్టపడ్డాను. రంగు పడితే ఇక చెయ్యి వేసి చెప్పేది ఏమీ ఉండదు.

ఆదివారం పొద్దున్నే గ్రేమ్ వచ్చి గ్యారేజీ నేలంతా నీళ్ళు చల్లి, గోడలకి ప్లాస్టిక్ పరదాలు కట్టి, రేకు వెచ్చబడాలని పెద్ద ఎర్రదీపం వెలిగించాడు. కారు మొత్తం ప్రైమర్ బూడిదరంగులో ఉంది. దాన్ని స్పిరిట్ గుడ్డతో అంగుళం అంగుళం తుడిచాడు. నూనె మరక ఆవగింజంత ఉన్నా రంగు అక్కడ పట్టదట, వెనక్కి జరిగి గుంటలు గుంటలుగా నిలబడిపోతుందట. "ఇంక దీన్ని రాణీగారు వచ్చినా ముట్టుకోకూడదు," అని ప్రకటించి టీకి మా వంటింట్లోకి వచ్చాడు. నాన్న ఎక్కడున్నాడో నేను చూసుకోలేదు. ఆదివారం అంటే ఆయనకి తలంటు. నెత్తిన, ఒంటినిండా నువ్వుల నూనె పట్టించి, నడుముకి తువ్వాలు చుట్టి, నూనె ఇంకేదాకా ఎండలో తిరగాలి. ఆ ఊళ్ళో ఎండ ఉండదు కాబట్టి వెచ్చగా ఉన్నచోట తిరగాలి. ఇంట్లో అన్నిటికంటే వెచ్చగా ఉన్నచోటు ఏదో మీకు ఇప్పటికే తెలిసి ఉంటుంది. నాకు మాత్రం ఆ టీ తాగుతున్నంతసేపూ తట్టలేదు. కాసేపటికి బాత్రూంలో నీళ్ళ చప్పుడు వినిపించింది.

గ్రేమ్ తుపాకీ లాంటి స్ప్రేగన్‌తో తలుపుల నుంచి మొదలుపెట్టాడు. నారింజరంగు నిమ్మళంగా పరుచుకుంటూ వచ్చింది. నేను మాస్కు వేసుకుని మూల నుంచుని, పెళ్ళికూతురి తల్లిలా ఏడుపు ఆపుకుంటున్నాను. చివరికి బానెట్. రంగు తడిగా పరుచుకుందో లేదో, మధ్యలో ఒకచోట చుక్కలు లేచాయి. చుక్కలు గుంటలయ్యాయి. మేమిద్దరం చూస్తుండగానే వేళ్ళు వచ్చాయి, తర్వాత అరచెయ్యి. గ్రేమ్ గన్ ఆపి, మాస్కు తీసి, సున్నితమైన మనిషి కాబట్టి సున్నితమైన బూతు ఒకటి అన్నాడు.

నేను బాత్రూం తలుపు బాదాను. నాన్న తువ్వాలు చుట్టుకుని, చెవి పక్కన సున్నిపిండితో బయటకొచ్చాడు.

"బానెట్ ముట్టుకున్నావా?"

"నేనెందుకు ముట్టుకుంటా?"

"మరి ఆ చెయ్యి ఎవరిది?"

"ఆ తెల్లాయనదయ్యుంటుంది."

"ఆయనకి వేలు సగమే ఉంది నాన్నా! దాని మీద అయిదూ నిండుగా ఉన్నాయి!"

నాన్న గోడవైపు చూశాడు. "ఎవరిదైతే ఏం. దిష్టిచుక్క అనుకోవే."

అప్పుడు నా నోటి నుంచి ఇరవై ఏళ్ళ నుంచి ఆగిన మాట వచ్చేసింది. "చిన్నప్పుడు నీ షెడ్డు గడప తొక్కనివ్వలేదు. ఇప్పుడు నా షెడ్డుకొచ్చి నా పని పాడుచేశావు. ఒక్కరోజు, ఒక్క రేకులో తప్పు వెతక్కుండా ఉండలేవా?" తప్పు వెతకడానికే వెళ్ళాడని నాకు ఎంత నమ్మకమంటే, అడగాలని కూడా తోచలేదు. నాన్న వంటింట్లోకి వెళ్ళి, తనే కంచం పెట్టుకుని, పెరుగన్నం తిన్నాడు. ఆ వీపు చూస్తే నాకు జాలి వేసింది, జాలి వేసినందుకు ఇంకా కోపం వచ్చింది.

మళ్ళీ గీకి వేద్దామంటే కలిపిన రంగు అయిపోయింది, రోజులూ అయిపోయాయి. మర్నాడు గ్రేమ్ ఒక నల్ల స్టిక్కర్ చుట్ట తెచ్చి, బానెట్ మధ్యలో పైనుంచి కిందకి వెడల్పాటి చార అతికించాడు. ఇలాంటి కార్లకి అది అందమేనట, ఎవరూ అనుమానించరట. చెయ్యి నిలువునా దాని కింద పడిపోయింది. అతికిస్తున్నంతసేపూ నేను అటు చూడలేదు. చూస్తే ఏడుస్తానని.

మంగళవారం కారు పాసైంది. బుధవారం నాన్నని పక్కన కూర్చోబెట్టుకుని హిమతాంగి బీచ్‌కి నడిపాను. తన వైపు లేని బ్రేకుని ఆయన కాలు తొక్కుతూనే ఉంది. ఇంజను శబ్దం విని, "పులి లాగుంది, చేసినోడు పనిమంతుడు" అన్నాడు. సీటు తడిమి అల్లుడుగారి కుట్టుని మెచ్చుకున్నాడు. గ్రేమ్ వేసిన రంగుని మెచ్చుకున్నాడు. రోడ్డుని, గొర్రెల్ని, ఆఖరికి ఇసుకని కూడా మెచ్చుకున్నాడు. సముద్రం దగ్గర ఆపాక సిగ్గు వదిలి అడిగేశాను. "రేకు పని ఎలా ఉంది నాన్నా?" ఆయన కిటికీలోంచి సముద్రం వైపు చూస్తూ, "చూశాగా," అన్నాడు. అంతే. మర్నాడు విమానం ఎక్కాడు. సుత్తి మాత్రం, మళ్ళీ ఆ ఆఫీసరమ్మకి ఎవడు చెప్తాడని, వదిలేసి వెళ్ళాడు. దాంతో శ్రీధర్ ఇప్పటికీ కొబ్బరికాయలు కొడుతున్నాడు.

మా అమ్మాయి పుట్టాక రెండు తలుపుల కారులో చంటిదాని సీటు దూర్చలేక కారు అమ్మేశాం. వెండిరంగు కారు కొన్నాం, పాట్‌లక్‌లలో మళ్ళీ తాళాలు కలగలిసిపోయాయి. ఇప్పుడు కార్లకి గుంట పడితే ఎవరూ సుత్తి తియ్యరు, ఆ ముక్క పీకేసి కొత్త ముక్క బిగిస్తారు. మా అమ్మాయి బడికి వరసగా రోజూ వెళ్ళినందుకు ఒక సర్టిఫికెట్, పోటీలో పాల్గొన్నందుకు ఒకటి, పాల్గొననివాళ్ళని ఓదార్చినందుకు ఒకటి తెచ్చుకుంటూ పెరిగింది. నేను కూడా దాని బొమ్మలకి, పాటలకి, తిన్న కంచం సింకులో పెట్టినందుకు కూడా గుడ్ జాబ్ అంటూనే పెంచాను. ఒకసారి అది, "నువ్వు అన్నిటికీ గుడ్ జాబే అంటావు మమ్మీ, నిజంగా బాగున్నప్పుడు ఏమంటావు?" అని ఇంగ్లిషులో అడిగింది. నోటి నిండా మెచ్చుకోళ్ళున్న మనిషిని నేను, ఒక్కటీ లేని మనిషి నాన్న, ఇద్దరిలో ఎవరి బిడ్డకి ఎక్కువ ఆకలి మిగిలిందో చెప్పలేను. నాన్న పోయి ఆరేళ్ళయింది. ఫోన్లో చాలా మాట్లాడుకున్నాం ఈలోగా, బీపీ గురించి, మామిడికాయల గురించి, అన్నయ్య బద్ధకం గురించి. బానెట్ గురించి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

మాడిన పప్పు గిన్నె నానబెట్టి, లియామ్‌కి ఫోన్ చేశాను. ఎవరూ చనిపోలేదని, ఆ చెయ్యి ఒంటికి నూనె రాసుకున్న మా నాన్నదనీ చెప్పాను. అతను పెద్దగా ఊపిరి వదిలి, అమ్మమ్మకి చెప్తానన్నాడు. "ఒక పని చేస్తావా?" అన్నాను. "కారు దగ్గరకి వెళ్ళు. లైటు పక్కనుంచి వేసి చూడు. ఆ చేతి దగ్గర, లేదా బానెట్ మీద ఇంకెక్కడైనా, రెండు చిన్న మచ్చలు పక్కపక్కనే ఉన్నాయా? వేలి కణుపులంత ఉంటాయి."

ఎందుకని అతను అడగలేదు. చెప్పులు ఈడ్చుకుంటూ నడిచిన చప్పుడు, గ్యారేజీ తలుపు లేచిన చప్పుడు వినిపించాయి. నేను వంటగట్టు పట్టుకుని నుంచున్నాను. యాభై దాటిన మనిషిని, ఆ ఇనప ఛానల్ బయట క్యారేజీతో నుంచున్నట్టే ఉంది.

"లేవు," అన్నాడు లియామ్. "మచ్చలేమీ లేవు. అద్దం దగ్గర నుంచి మొదలై, సన్నగా జారిన గీత ఉంది, మీరు చెప్తే గానీ కనిపించలేదు. మధ్యలో ఎక్కడా ఆగలేదు. చివర్లో మాత్రం చెయ్యి అలా పెట్టి కాసేపు ఉంచినట్టున్నాడు. అందుకే అక్కడ అంత లోతుగా పడింది."

షెడ్డులో ఆయన ఎవరి రేకు మీదా చెయ్యి అలా ఉంచడం నేను చూడలేదు.

రంగు మళ్ళీ వేయించనా, అలాగే ఉంచనా అని లియామ్ అడిగాడు. నీ కారు, నీ ఇష్టం నాయనా అన్నాను, నిజంగానే అన్నాను. నాకు కావలసింది నాకు అందింది. ఫోన్ పెట్టేసి ఏడుస్తుంటే శ్రీధర్ వంటింట్లోకి వచ్చి, ముందు పప్పు గిన్నెనీ తర్వాత నన్నూ చూసి, ఏమైందని కంగారుపడ్డాడు.

"నాన్న నా పని బాగుందన్నాడు."

"ఎప్పుడే?"

"ఆ ఆదివారమే," అన్నాను. "నేను టీ తాగుతున్నప్పుడు."